‘రా వచ్చాడు’ అంటే ఎవరొచ్చినట్టు? – నైలునది దేవుళ్ళతో నవల రాసేవారికి జవాబులు

టీనేజి పిల్లల కోసం ప్రాచీన ఈజిప్టు దేవుళ్ళతో ఫాంటసీ నవల రాస్తున్నామని కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈమధ్య వరసగా ఉత్తరాలొస్తున్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. పూర్తి రాతప్రతులు పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వాటికి విడిగా రాయడం కుదరదు.

ప్రశ్న: నా నవల్లో సూర్యదేవుడి పేరు రా. మొదటి అధ్యాయం ఇంట్లో చదివి వినిపిస్తే ‘రా వచ్చాడు’ దగ్గరే అందరూ నవ్వేసినారు. ఈ పేర్లు తెలుగులో ఎట్లా రాయాల? (ఇంటర్ విద్యార్థిని, ప్రొద్దుటూరు)

జవాబు: నవ్వినవాళ్ళది తప్పేమీ లేదు. పూజారి చేతులెత్తి ‘రా, రా!’ అని వేడుకుంటుంటే దేవుణ్ణి పిలుస్తున్నాడో, పక్కింటాయన్ని పిలుస్తున్నాడో ఎవరికి తెలుస్తుంది? పోనీ కొందరు పండితుల్లాగా ‘రే’ అని రాద్దామంటే, సీమలో అది ఇంకా మోటు పిలుపు. పైగా మనకు రేయి అంటే రాత్రి. సూర్యుడికి ఆ పేరు పెడితే అంతకన్నా తమాషా ఉండదు.

దీనికి దారి ఈజిప్టు కథల్లోనే ఉంది. ‘పొద్దున ఖెప్రిని, మధ్యాహ్నం రాని, సాయంత్రం ఆతుమ్‌ని’ అని ఆ దేవుడే తన గురించి చెప్పుకుంటాడు. ఖెప్రి పేడపురుగు రూపం, ఆతుమ్ ముసలి రూపం. తెల్లవారి సన్నివేశాల్లో ఖెప్రి అనండి, పొద్దుగూకే వేళ ఆతుమ్ అనండి. నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రం ‘రా దేవుడు’ అని తోక తగిలించండి. నవ్వు తప్పుతుంది, వేళనుబట్టి దేవుడి వయసు మారడం కూడా పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది.

రెండో చిక్కు ఐసిస్. పదిహేనేళ్ళ పిల్ల ఆ పేరు పేపర్లో చదివింది ఉగ్రవాద వార్తల్లో. తల్లిదేవత పేరు కనబడగానే అదే గుర్తొస్తే కథ అక్కడే తెగిపోతుంది. ‘అసెత్’ అని రాయండి. అసలు పేరుకు అదే దగ్గర. ఐసిస్, ఒసైరిస్, హోరస్, థోత్, అనూబిస్ అన్నవి గ్రీకులు తమ నోటికి తిప్పుకోగా ఇంగ్లీషు మీదుగా మనకొచ్చిన పేర్లు. ప్రాచీన ఈజిప్టు భాషలోని ఆ పేర్లను పండితులు ఇప్పుడు అసెత్, ఉసిర్, హెరు, జెహుతి, ఇన్‌పు అని పలుకుతున్నారు. అదీ అందాజే, ఎందుకంటే ఆ లిపిలో హల్లులు రాస్తారు గానీ అచ్చులు రాయరు. మధ్యలో ‘ఎ’ పెట్టి చదువుకోవడం ఈ కాలపువాళ్ళు చేసుకున్న సదుపాయం. కాబట్టి మీదే సరైన ఉచ్చారణ అని ఎవరూ అనలేరు, మీది తప్పనీ అనలేరు. గ్రీకు పేర్లు పెడితే అన్నీ గ్రీకువే, ఈజిప్టువైతే అన్నీ ఈజిప్టువే ఉండాలి. భర్త ఒసైరిస్, భార్య అసెత్ అంటే రెండు ఊళ్ళవాళ్ళలాగా ఉంటారు. ఈ కాలమ్‌లో మేం ఈజిప్టు పేర్లే వాడుతున్నాం.

పేరు ఖాయం చేసే ముందు కి, ని, తో, లో తగిలించి పైకి చదవండి. హెరుకి, జెహుతితో అన్నవి నోట్లో తిరుగుతాయి. ‘నెబెత్‌హుత్‌తో’ (అసెత్ చెల్లెలు, గ్రీకు పేరు నెఫ్తిస్) దగ్గర నాలుక మడతపడుతుంది. అలాంటిదాన్ని కథలో ఎవరైనా ముద్దుపేరుతో పిలిచేట్టు చూడండి. ధర్మానికి అధిదేవత పేరును ‘మాత్’ అని రాస్తే లెక్కల క్లాసనుకుంటారు, ‘మాఅత్’ అని విడదీయండి. ‘కా’, ‘బా’ అని ఆత్మ భాగాల పేర్లున్నాయి. అవి ఒంటి అక్షరాలు, వాక్యంలో తప్పిపోతాయి. ప్రతిసారీ ‘బా పక్షి’, ‘కా జీవం’ అనే తరహాలో ఇంకో మాట జోడించండి. ‘కా నీడ’ అని మాత్రం అనకండి, ఎందుకంటే వాళ్ళ లెక్కలో నీడ మళ్ళీ వేరే భాగం.

ప్రశ్న: సెత్ విలన్, హెరు హీరో. అన్నను చంపినవాడు విలనే కదా? అయినా చదివిన స్నేహితులు ‘రొటీన్‌గా ఉంది’ అంటున్నారు. (డిగ్రీ విద్యార్థి, ఆదోని)

జవాబు: అన్న ఉసిర్‌ను చంపినమాట నిజమే. కానీ రాత్రిపూట సూర్యుడి పడవ పాతాళం దాటేటప్పుడు ముందుకొమ్ములో ఈటె పట్టుకుని నిలబడి, అపెప్ అనే మహాసర్పాన్ని పొడిచేదెవరు? సెత్. వాడు లేకపోతే తెల్లారదు. మీ రాతప్రతిలో ఈ రెండో సగం లేదు, అందుకే రొటీన్ అయింది.

తండ్రి ఉసిర్ గద్దె కోసం హెరు చిన్నాయన సెత్ మీద వేసిన వ్యాజ్యం ఒక పాపిరస్‌లో (రెల్లుకాగితం చుట్టలో) పూర్తిగా దొరికింది. అయిదో రామ్సెస్ కాలంనాటి ఆ ప్రతి ఇప్పుడు డబ్లిన్‌లో ఉంది. దేవుళ్ళ కోర్టులో కేసు 80 ఏళ్ళు నడుస్తుంది. దాయాదుల పొలం తగాదా చూసినవాడికి ఇందులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు: పెద్దమనుషులు రోజుకో మాట మారుస్తారు, న్యాయాధిపతి అలిగి వెళ్ళి పడుకుంటాడు, ఎవరికి వారు సాక్ష్యాలు తారుమారు చేస్తారు. ఒక ఘట్టంలో రాతిపడవల పందెం కడతారు. హెరు దేవదారు చెక్కతో పడవ చేసి, పైన సున్నంపూత పూసి రాయిలా కనబడేట్టు చేస్తాడు. సెత్ దాన్ని నిజంగానే రాయనుకుని కొండకొన విరిచి 138 మూరల రాతిపడవ చెక్కిస్తాడు. అది దిగిన చోటే మునుగుతుంది. గమనించండి, ఇక్కడ మోసం చేసింది హీరో. చివరికి గద్దె హెరుకే దక్కుతుంది, సెత్‌నేమో సూర్యుడు తన కొడుకులాగా దగ్గర పెట్టుకుంటాడు, ఆకాశంలో ఉరమమని. శిక్ష పడలేదు, ఉద్యోగం దొరికింది.

రెండో రామ్సెస్ తండ్రి పేరు సేతి, అంటే సెత్‌వాడు. రాజులు ఆ పేరు పెట్టుకున్నారంటే ఆ కాలంలో సెత్‌కి ఎంత గౌరవమో ఊహించుకోండి. సెత్ బొమ్మలు చెక్కేసి, పేరు తుడిపేసింది ఆ తర్వాత చాలా శతాబ్దాలకు. అందుకని మీ కథ ఏ కాలంలో నడుస్తుందో ముందు తేల్చుకోండి. సేతి కాలమైతే సెత్ గుడికి జనం వెళుతుంటారు.

ఇక అసలు శత్రువుగా అపెప్‌ని పెట్టుకోవచ్చు. గుడి లేదు, పూజ లేదు, వాడికి కావలసిందల్లా అన్నీ లేకుండా పోవడమే. కానీ వాడి చేత డైలాగులు చెప్పించకండి. అపెప్ మన కరువులాంటివాడు. కరువు మాట్లాడదు, బేరమాడదు. మాట్లాడే విలన్ కావాలంటే ఆ కరువులో లాభం చూసుకునే మనిషిని ఒకణ్ణి పెట్టండి.

ప్రశ్న: గుండెను ఈకతో తూచే సీను రాసినాను. నా కథానాయిక గుండె ఈక కన్నా తేలిక కాబట్టి గెలుస్తుంది. సీను బాగుంది గానీ చప్పున అయిపోతా ఉంది. పెంచేదెట్లా? (కడప)

జవాబు: ముందు తప్పు సరిచేద్దాం. గుండె తేలిక కానక్కర్లేదు, సరితూగాలి. బొమ్మల్లో తక్కెడ కాడి సమంగా నిలిచి ఉంటుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ‘ఆని’ అనే పేరుగల అధికారి పాపిరస్ ఉంది. క్రీ.పూ. 1250 ప్రాంతానిది. అందులో ఎడమనుంచి ఆని, అతని భార్య వంగి వస్తుంటారు. మధ్యలో తక్కెడ. ఒక తట్టలో గుండె, రెండో తట్టలో మాఅత్ ఈక. నక్కతల ఇన్‌పు మోకాలిమీద కూర్చుని తూకం సరిచూస్తుంటాడు. వెనక కొంగముక్కు జెహుతి రెల్లుకలం పట్టుకుని తీర్పు రాసుకుంటుంటాడు. అతని వెనకే అమ్మిత్ కాచుకుని ఉంటుంది: మొసలి తల, సింహం ముందుభాగం, నీటిఏనుగు వెనకభాగం. మనిషితల ఉన్న ‘బా పక్షి’ పక్కనే నిలబడి చూస్తుంటుంది. గెలిచాక చేయి పట్టుకుని ఉసిర్ సింహాసనం దగ్గరికి తీసుకెళ్ళేది హెరు.

మీ సీను చప్పున అయిపోవడానికి కారణం, నేరుగా తక్కెడ దగ్గర మొదలుపెట్టడం. అంతకుముందు జరగాల్సినవి రెండున్నాయి.

మొదటిది వాకిలి. ‘మృతుల పుస్తకం’ అని మనం పిలిచే సంపుటిలో 125వ అధ్యాయం చూడండి. ఆ మండపంలో తలుపు రెక్క, గడప, గడియ అన్నీ మాట్లాడతాయి. ‘నా పేరు చెప్పు, లేకుంటే లోపలికి పోనివ్వను’ అంటాయి. అన్నీ చెప్పి లోపలికి అడుగుపెట్టబోతే నేల అడ్డుపడుతుంది. ‘నా మీద అడుగెందుకు పెట్టనివ్వాలి? నన్ను తొక్కే నీ పాదాల పేర్లు నాకు తెలియదే’ అంటుంది. నిజంగా ఉన్నదే ఇది, మేం కల్పించింది కాదు. దేవుళ్ళ పేర్లన్నీ బట్టీపట్టి వచ్చిన పిల్ల తన పాదాల పేర్లడిగితే తెల్లమొహం వేస్తుంది. ఒక అధ్యాయానికి ఇది చాలు.

రెండోది ఒప్పుదల. 42 మంది దేవతల ముందు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ‘నేను ఫలానా పాపం చెయ్యలేదు’ అనాలి. దొంగతనం, హత్య మామూలే. అదే అధ్యాయంలోని మిగతావి చూడండి: తూకపురాయి బరువు పెంచలేదు, పసిపిల్లల నోటిదగ్గర పాలు లాక్కోలేదు, నీరు రావలసిన అదనులో ఆపలేదు, పారే నీటికి అడ్డకట్ట వెయ్యలేదు. కేసీ (కర్నూలు–కడప) కాలువ ఆఖరి ఆయకట్టులో పుట్టిన పిల్లకు ఆ చివరి రెండు ఎంత బరువో మేం చెప్పక్కర్లేదు. ఆమె తాతో నాయనో ఒక రాత్రి పైన తూము దించి కింది పొలాలు ఎండబెట్టి ఉంటే? నలభై మాటలు గడగడా చెప్పి నలభై ఒకటో దగ్గర ఆగిపోతే? అప్పుడు తూకం నిజంగా తూకమవుతుంది.

తప్పించుకునే దారి కూడా వాళ్ళే పెట్టుకున్నారు. శవం రొమ్మున ఆకుపచ్చ రాతి పేడపురుగు బిళ్ళ ఉంచేవారు. దానిమీద చెక్కే 30వ అధ్యాయపు మాటల సారం: ‘నా గుండే, తక్కెడవాడి ముందు నాకు ఎదురుసాక్ష్యం చెప్పకు.’ ఆ బిళ్ళను కథలో ఎవరైనా కాజేయవచ్చు. లేదా ఉండీ వాడకూడదని మీ పిల్లే అనుకోవచ్చు.

ఓడితే నూనెలో వేయించడం రాశారు. ఈ సీనులో అది లేదు. అమ్మిత్ గుండె తినేస్తుంది, అంతే, మనిషి ఇక ఎక్కడా లేడు. రెండో చావంటారు దాన్ని. మరో సంగతి: మమ్మీ చేసేటప్పుడు గుండెను లోపలే వదిలేసి, మెదడును ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవారు. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు నాలుగు జాడీల్లోకి పోతాయి. మొత్తం 70 రోజుల పని, అందులో 40 రోజుల దాకా నేట్రాన్ ఉప్పులో ఎండబెట్టడానికే. మీ ఏడో అధ్యాయంలో మూడు రోజుల్లో మమ్మీ తయారైంది. అది కుళ్ళిపోతుంది.

ప్రశ్న: మంత్రశక్తికి నియమాలుండాలంటారు. ఈజిప్టు మంత్రాలకు నియమాలేంటి? మా హీరో చెయ్యెత్తితే మెరుపొస్తుంది. (అనంతపురం)

జవాబు: చెయ్యెత్తితే మెరుపొచ్చేట్టయితే రెండో అధ్యాయంలోనే కథ అయిపోవాలి, ఎత్తడానికి అడ్డేముంది గనక? ఈజిప్టు మంత్రానికి హెకా అని పేరు. దానికి పేరు తెలియాలి, మాట పలకాలి, చేతిలో వస్తువుండాలి. మూడింట్లో ఏది తప్పినా పని జరగదు.

పేరు సంగతికి అసెత్ కథే పాఠం. సూర్యుడు ముసలివాడై చొంగ కారుస్తుంటే ఆమె ఆ ఉమ్మిని మట్టితో కలిపి పామును చేసి అతను నడిచే దారిలో పెడుతుంది. పాము కరుస్తుంది. తన సృష్టిలోది కాదు కాబట్టి దాని విషం అతనికి అంతుపట్టదు. ‘నీ అసలు పేరు చెబితే దించుతాను’ అంటుంది. బిరుదులన్నీ చెబుతాడు, విషం దిగదు. చివరికి చెబుతాడు. ఆ పేరేమిటో పాపిరస్‌లో లేదు. మీరూ రాయకండి. రహస్యనామమని వంద పేజీలు ఊరించి చివర్లో ఏదో మాట అచ్చు వేస్తే, ఎంత గొప్ప మాటైనా చిన్నదైపోతుంది.

రాతకు ప్రాణముందని వాళ్ళ నమ్మకం. కొన్ని సమాధి గదుల గోడల మీద పాము, సింహం లాంటి అక్షరాలను సగానికి నరికినట్టు చెక్కేవారు, రాత్రి లేచి శవం మీదికి రాకుండా. బొమ్మ గీయడం తెలిసిన మీ హీరోకి ఇంతకన్నా మంచి ఆయుధం ఏముంటుంది? సగం గీసిన పాము ఉండగా ఇంకొకడొచ్చి మిగతా సగం పూర్తిచేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

అపెప్‌ను అణచే కర్మకాండ క్రమం కూడా దొరికింది. కొత్త పాపిరస్ మీద ఆకుపచ్చ సిరాతో వాడి పేరు రాయాలి. మైనంతో పాము చెయ్యాలి. దాని మీద ఉమ్మాలి, ఎడమకాలితో తొక్కాలి, ఈటెతో పొడవాలి, కట్టెయ్యాలి, కత్తితో కొయ్యాలి, నిప్పులో వెయ్యాలి. మీ హీరో అనంతపురం పిల్లాడు కదా. మే నెల మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో ఆ మైనం పామును బ్యాగులో పెట్టుకుని పోతున్నాడనుకోండి. తేనెమైనం కరగడానికి 60 డిగ్రీల పైనే కావాలి గానీ, మెత్తబడడానికి ఒంటి వేడి చాలు. దిగేసరికి పాము తల నోటుపుస్తకానికి అంటుకుని ఉంటుంది, తోక ఎక్కడో నలిగి ఉంటుంది. తల లేని పామును కోస్తే మంత్రం సగమే పారుతుంది. మెరుపు కన్నా ఈ జిగట మైనం మీద మీకు కథ ఎక్కువ దొరుకుతుంది.

మొసళ్ళ మీద నిలబడి రెండు చేతుల్లో పాములు పట్టుకున్న బాలహెరు రాతిఫలకం మీద నీళ్ళు పోసి, కిందికి జారిన ఆ నీళ్ళను పాము, తేలు కుట్టినవాళ్ళకు తాగించేవారు. నవల్లో భేషుగ్గా వాడుకోండి. కానీ చదివేది పిల్లలు. శెనక్కాయ చేలో పాము కరిచిన తమ్ముడికి మీ హీరో ఇదే చేసి, తమ్ముడు లేచి కూర్చున్నట్టు మాత్రం రాయకండి. ఇప్పటి కాలపు సీనైతే ఆసుపత్రికి, విషం విరుగుడు ఇంజెక్షన్‌కి తీసుకుపోండి.

ప్రశ్న: మొదలు బాగుంది, చివర బాగుంది, మధ్యలో సాగుతోంది. మొత్తం ఎన్ని అధ్యాయాలుండాల? (తాడిపత్రి)

జవాబు: ఈజిప్టువాళ్ళు మీకోసం ఎప్పుడో పన్నెండు అధ్యాయాలు కట్టిపెట్టారు. రాజుల లోయలోని సమాధి గోడల మీద ‘అమ్‌దువాత్’ అనే గ్రంథం ఉంది. రాత్రి 12 గంటలు, గంటకో లోకం, అందులో సూర్యుడి పడవ ప్రయాణం. ఇందులో మలుపులు ఎక్కడున్నాయో చూడండి.

రెండు, మూడు గంటలు పచ్చని పొలాలు, నీళ్ళు. నాలుగో గంటలో నీరు ఆగిపోతుంది, ఇసుక, చీకటి, వంకర దారి. పడవే పాముగా మారి పాకుతుంది, దాన్ని తాళ్ళతో లాగుతారు. ఆరో గంట నడిరాత్రి: సూర్యుడు తన శవాన్ని తానే కలుసుకుంటాడు, ఆ కలయికతో మళ్ళీ ప్రాణం పుంజుకుంటాడు. ఏడో గంటలో అపెప్ నది నీళ్ళన్నీ మింగేస్తాడు, పడవ ఇసుకదిబ్బకు తగులుతుంది. పన్నెండో గంటలో పడవను ఒక మహాసర్పం తోకవైపునుంచి లోపలికి లాగి నోటినుంచి బయటికి తీస్తారు. ముసలివాళ్ళుగా వెళ్ళినవాళ్ళు పసివాళ్ళై వస్తారు. బయట ఖెప్రి.

పెద్ద యుద్ధం చివర లేదు, ఏడో గంటలో ఉంది. మీ మధ్యభాగం సాగడానికి కారణం అదే: పాముతో పోరాటాన్ని చివరిదాకా దాచుకున్నారు. దాన్ని ఏడో అధ్యాయానికి తెచ్చేయండి. అంతకుముందు ఆరో అధ్యాయంలో పిల్లాడు తన చావునో, తను దాచుకున్న నిజాన్నో ఎదురుగా చూడాలి. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ పోరాటంలో పోగొట్టుకున్నదాని లెక్క. చివరిది పోరాటం కాదు, ఇరుకుదారి. సామాను వదిలితేగానీ దూరలేని దారిగా దాన్ని రాయండి.

ముందుమాటగా అయిదు రోజులు పెట్టుకోవచ్చు. వాళ్ళ ఏడాదికి నెలకు 30 రోజుల చొప్పున 12 నెలలు, పైన ఏ నెలకూ చెందని 5 రోజులు. ఉసిర్, పెద్ద హెరు (ఉసిర్ కొడుకు హెరు కాదు, వేరే), సెత్, అసెత్, నెబెత్‌హుత్ ఒక్కో రోజు పుట్టారు. ఏ నెలలోనూ లేని రోజున పుట్టిన పిల్ల అంటే కథ దానంతటదే మొదలవుతుంది.

కొలతంటారా, అధ్యాయానికి మూడు వేల మాటలు, ముందుమాట అయిదు వేలు: మొత్తం నలభై వేల పైచిలుకు. ఇంగ్లీషు నవలల లెక్క చూసి ఎనభై వేలు పెట్టుకోకండి. ‘వెళ్ళలేకపోయినందుకు’ అన్నది మనకు ఒక్క మాట, వాళ్ళకు అరడజను.

ప్రశ్న: మొదటి పేజీలోనే వానకోసం ఆకాశం చూస్తున్న ఈజిప్టు రైతు. బాగుందా? (ఉరవకొండ)

జవాబు: ఆ రైతు ఉరవకొండవాడు. ఈజిప్టు రైతు ఆకాశం చూడడు, ఏరు చూస్తాడు. అక్కడ వాన దాదాపు లేనట్టే. ఎక్కడో ఇథియోపియా కొండల్లో కురిసిన వాన జూన్ చివరకు అస్వాన్ దగ్గర వరదై కనబడేది, ఆగస్టు, సెప్టెంబరులో నిండేది, అక్టోబరు తర్వాత తీసేది. నల్లటి ఒండ్రు మీద అప్పుడు విత్తనం. రేవు మెట్ల మీద మూరల గీతలు చెక్కి నీటిమట్టం కొలిచేవారు. రోమన్ రచయిత ప్లినీ లెక్క ఇది: 12 మూరలైతే కరువు, 13 అయినా ఆకలే, 14 సంతోషం, 15 నిశ్చింత, 16 వైభోగం. 18 వస్తే ఊళ్ళు మునుగుతాయి. మీ మొదటి పేజీకి పదమూడో గీత దగ్గర ఆగిపోయిన నీళ్ళు, దాని పక్కన కూర్చున్న పిల్ల చాలు.

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. దక్షిణానికి వెళితే తెరచాప, ఉత్తరానికి వస్తే తెడ్లు. ‘ఎగువ ఈజిప్టు’ అంటే పటంలో కింద ఉండేది. ఊళ్ళు రెండు గట్లనా ఉండేవి, సమాధులు ఎక్కువగా పడమటి గట్టున. మీ మూడో అధ్యాయంలో తెరచాప ఎత్తుకుని సముద్రానికి పోతున్నారు, దించండి.

ప్రశ్న: క్రీ.పూ. 1300 నాటి ఊరి సంతలో ఏమేం ఉండకూడదు? (ఎమ్మిగనూరు)

జవాబు: మిరపకాయ, టమాట, ఆలుగడ్డ, మొక్కజొన్న, శెనక్కాయ. అన్నీ అమెరికా ఖండాలవి. పత్తిబట్ట వద్దు, నారబట్ట. చక్కెర వద్దు, తేనె, ఖర్జూరం. నాణేలు లేవు, ధర రాగి తూకంలో చెప్పి ధాన్యమో గుడ్డో మార్చుకునేవారు. ఆ తూకం పేరు దెబెన్, సుమారు 91 గ్రాములు. బరువులకు ఒంటెను కాదు, గాడిదను పెట్టండి. గుర్రం ఉండొచ్చు గానీ రథానికి, ధనవంతుడికి. ఇనుము అపురూపం: టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన ఇనుప బాకు ఉల్కలోంచి తీసిన లోహం. రొట్టె, ఉల్లిపాయ, బీరు ఎన్నయినా పెట్టుకోండి.

ప్రశ్న: సెఖ్మెత్, మన అహోబిలం నరసింహస్వామి ఒకటేనని రాయొచ్చా? (కర్నూలు)

జవాబు: వద్దు. పోలిక పాఠకుడికి ఎలాగూ తడుతుంది, మీరు ఒకటని తేల్చేస్తే రెండూ పలచబడతాయి. నరసింహుడి కథలో కీలకం షరతు: పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప. సెఖ్మెత్ కథలో అలాంటి మెలిక లేదు. మనుషుల్ని శిక్షించమని సూర్యుడు పంపిన ఆడసింహం ఆగలేకపోతుంది, పంపినవాడికే భయం పుడుతుంది. 7000 జాడీల బీరులో ఎర్రమట్టి కలిపి పొలాల్లో పోయిస్తారు. నెత్తురనుకుని తాగి, మత్తెక్కి మరిచిపోతుంది. ఆ ఎర్ర నీళ్ళ పొలం మీద ఒక పేజీ నిలబడండి.

ఇంకొకటి, జంతుతల అంటే అవతారం కాదు. ఆ దేవుడి స్వభావానికి గుర్తు. జెహుతిని ఒకచోట కొంగతలతో, మరోచోట పూర్తి కోతిగా గీశారు. మీ నల్లమల అడవిలోకి సెఖ్మెత్‌ని తేవాలనుకుంటే పొరుగూరి దేవతగా తెండి, చుట్టరికం కలపకండి.

ప్రశ్న: మమ్మీని దగ్గర్లో ఎక్కడైనా చూడొచ్చా? అధ్యాయాల తలమీద ఈజిప్టు బొమ్మలిపిలో హీరో పేరు వేయాలనుంది, ఎట్లా వేయాల? (జమ్మలమడుగు)

జవాబు: హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. సెలవురోజు కనుక్కుని వెళ్ళండి. ఉప్పులో ఎండిన ఒళ్ళు ఎంత చిన్నదైపోతుందో, గుడ్డపట్టీ పొర మీద పొర ఎలా పడిందో దగ్గరగా చూసి రాసుకోండి. సినిమాల్లో లాగా లేచి పరిగెత్తే కండ దానికి లేదు.

బొమ్మలిపిలో ఒంటి హల్లుకు వాడే గుర్తులు 24. మీ హీరో పేరులోని హల్లులకు వాటితో సరిపెట్టుకోవచ్చు. ఆ లిపిని ఎడమనుంచీ రాస్తారు, కుడినుంచీ రాస్తారు, నిలువుగానూ రాస్తారు. ఎటునుంచి చదవాలో పక్షులు, మనుషుల ముఖాలు చెబుతాయి: అవి వాక్యం మొదలువైపు చూస్తుంటాయి. మీ పుస్తకం ఎడమనుంచి కుడికి కాబట్టి పక్షులన్నీ ఎడమకు చూడాలి. నెట్‌లో దొరికిన బొమ్మలు అటు కొన్ని ఇటు కొన్ని తిరిగి ఉంటాయి, అచ్చుకిచ్చే ముందు ఒక్కొక్కటీ చూడండి. పేరు చుట్టూ తాడుముడిలాంటి నిలువు గుండ్రం గీశారు. అది రాజు, రాణి పేర్లకు గీసేది. మీ హీరో పన్నెండో అధ్యాయం దాకా గాడిదలు తోలుకునే పిల్లాడే కాబట్టి, పదకొండో అధ్యాయం వరకూ ఆ గీత తీసేయండి.